ఉప్పు వైపు నడిచే మట్టి రేణువులు: గాజు పలక మీద గాఢతా ప్రవణతను పరీక్షించే పద్ధతి

బురద నీటిలో చెదిరి ఉన్న సన్నని మట్టి రేణువుకు తనదంటూ ఒక దిక్కు ఉండదు. నీటి అణువులు నలువైపుల నుంచీ తాకుతుంటే అది ఉన్నచోటనే ఊగిసలాడుతూ, తన బరువుకు మెల్లమెల్లగా అడుగుకు దిగుతుంది. అయితే ఆ నీటిలో ఒక వైపు ఉప్పు ఎక్కువగా, మరో వైపు తక్కువగా ఉన్నప్పుడు అదే రేణువు ఒక దారి పట్టి నడుస్తుంది. అందుకు నీరు పారవలసిన పని లేదు, బయటి నుంచి కరెంటు ఇవ్వవలసిన పని కూడా లేదు. గాఢతలోని ఈ తేడాయే, అంటే గాఢతా ప్రవణతే, దానిని నడిపిస్తుంది. ఈ చలనాన్ని డిఫ్యూజియోఫోరెసిస్ అంటారు. సోవియట్ శాస్త్రవేత్త బోరిస్ దెర్యాగిన్, ఆయన సహచరులు 1947లో దీనిని వివరించారు. తరువాత 1980లలో అమెరికాలో జాన్ ఆండర్సన్, డెనిస్ ప్రీవ్ తదితరులు ఉప్పు ద్రావణాలలో రేణువు ఎటు నడుస్తుందో, ఎంత వేగంతో నడుస్తుందో లెక్కగట్టే సూత్రాలను స్థిరపరిచారు.

దీనిని చూడటానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఉన్నత పాఠశాలలోనో జూనియర్ కళాశాలలోనో ఉండే మామూలు సూక్ష్మదర్శిని, రెండు మూడు గాజు పలకలు, కవర్‌స్లిప్‌లు, సెల్లోటేపు, కొద్దిగా వాసెలిన్, గుప్పెడు నల్లరేగడి మట్టి, కాస్త ఉప్పు ఉంటే చాలు. వీటన్నిటికంటే ముఖ్యంగా కావలసినది తగిన నీరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఈ పరీక్ష విఫలమైతే మొదట అనుమానించవలసినది నీటినే. ఆ కారణం తెలియాలంటే రేణువు ఎందుకు నడుస్తుందో ముందుగా తెలుసుకోవాలి.

రేణువును నడిపేది ఏమిటి

ఉప్పు నీటిలో కరిగినప్పుడు సోడియం అయాన్లుగా, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. ఈ రెండూ ఎక్కువ గాఢత ఉన్న చోటి నుంచి తక్కువ గాఢత ఉన్న చోటికి విసరణ చెందుతాయి కాని, వాటి వేగాలు ఒకటి కావు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటిలో సోడియం విసరణ గుణకం (ఎంత త్వరగా వ్యాపిస్తుందో చెప్పే అంకె) సెకనుకు సుమారు 1,330 చదరపు మైక్రాన్లు కాగా, క్లోరైడుది సుమారు 2,030. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఒకే కాడికి కట్టిన జోడెడ్లలో ఒకటి ఉరుకులు పెడుతూ, రెండోది వెనకబడుతూ ఉంటే కాడి మీద ఎలాంటి గుంజులాట ఏర్పడుతుందో, ఇక్కడా అలాంటిదే ఏర్పడుతుంది. క్లోరైడు రవ్వంత ముందుకు పోగానే ముందు భాగం రుణావేశంగా, వెనక భాగం ధనావేశంగా మారి, వాటి నడుమ ఒక విద్యుత్ క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రం క్లోరైడును వెనక్కు పట్టి, సోడియాన్ని ముందుకు లాగి, రెండూ కలిసి నడిచేట్లు చేస్తుంది. ఈ క్షేత్రం ఎక్కువ గాఢత నుంచి తక్కువ గాఢత వైపు చూస్తుంది కాబట్టి, ఉపరితలం మీద రుణావేశం ఉన్న మట్టి రేణువు దానికి ఎదురుగా, అంటే ఉప్పు ఎక్కువగా ఉన్న వైపు కదులుతుంది.

రెండో కారణం మరింత సూక్ష్మమైనది. రుణావేశం ఉన్న రేణువు చుట్టూ ధన అయాన్లు ఒక పలుచని పొరలా గుమిగూడి ఉంటాయి. ఉప్పు ఎక్కువగా ఉన్న వైపు ఆ పొరలో ద్రవాభిసరణ పీడనం ఎక్కువగా, మరో వైపు తక్కువగా ఉంటుంది. ఆ తేడా వల్ల రేణువు ఒంటిని ఆనుకొని ఉన్న నీరు తక్కువ గాఢత వైపు జారుతుంది, రేణువు దానికి వ్యతిరేక దిశలో, మళ్లీ ఉప్పు వైపే కదులుతుంది. మామూలు ఉప్పు విషయంలో ఈ రెండు కారణాలూ ఒకే దిక్కుకు లాగుతాయి. అందుకే మొదటి పరీక్షకు అది చాలా అనువైన పదార్థం.

రేణువు తనంతట తాను విసరణ చెందితే ఎంత దూరం పోగలదో కూడా చూడండి. ఒక మైక్రాన్ వ్యాసం ఉన్న రేణువు విసరణ గుణకం సెకనుకు సుమారు అర చదరపు మైక్రాన్ మాత్రమే. ఒక నిమిషం గడిచినా అది మొదలైన చోటి నుంచి సగటున 8 మైక్రాన్ల దూరం దాటదు. ఉప్పు ప్రవణతలో అదే రేణువు నిమిషానికి వంద, రెండు వందల మైక్రాన్లు నడవగలదు. మీరు సూక్ష్మదర్శినిలో చూడబోయేది ఈ రెండింటి మధ్య తేడానే.

నీటిని ముందుగా సరిచూసుకోండి

రేణువు వేగం గాఢతల తీసివేత మీద కాక, వాటి నిష్పత్తి మీద, కచ్చితంగా చెప్పాలంటే ఆ నిష్పత్తి లాగరిథమ్ మీద ఆధారపడుతుంది. 1 మిల్లీమోలార్ (లీటరుకు మోల్‌లో వెయ్యో వంతు) నుంచి 10 మిల్లీమోలార్లకు ఉన్న తేడా, 100 నుంచి 1,000 మిల్లీమోలార్లకు ఉన్న తేడా రేణువు దృష్టిలో ఒకటే, ఎందుకంటే రెండు చోట్లా నిష్పత్తి పదే. ఈ ఒక్క సంగతి మరచిపోతే పరీక్ష మొత్తం చెడిపోతుంది.

ఈ సూత్రాన్ని మన బోరు నీటికి వర్తింపజేయండి. నీటి ప్లాంటు పనివాళ్లు జేబులో పెట్టుకొని తిరిగే పెన్ను లాంటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరును మీ బోరు నీటిలో ముంచినప్పుడు అది 1,000 చూపిందనుకోండి. లీటరుకు 1,000 మిల్లీగ్రాములంటే, అదంతా మామూలు ఉప్పే అనుకుంటే, సుమారు 17 మిల్లీమోలార్లు. ఆ నీటికి మీరు మరో 10 మిల్లీమోలార్ల ఉప్పు కలిపితే ఒక వైపు 27, మరో వైపు 17 ఉంటాయి. నిష్పత్తి 1.6 దాటదు, దాని సహజ లాగరిథమ్ 0.46. అదే డిస్టిల్డ్ వాటరుతో చేసి, మట్టి నుంచి దిగే లవణాలతో కలిపి అందులో 0.1 మిల్లీమోలార్ ఉందనుకుంటే, నిష్పత్తి వంద దాకా వస్తుంది, లాగరిథమ్ 4.6 అవుతుంది. ఉప్పు అంతే కలిపినా, రేణువును నడిపే తేడా బోరు నీటిలో పదో వంతుకు పడిపోయింది. పైగా బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లు మట్టి రేణువులను గడ్డకట్టించి, అవి నడవడానికి ముందే అడుగుకు చేరుస్తాయి. రెండు ఆవేశాలున్న కాల్షియం ఈ గడ్డకట్టించే పనిలో సోడియం కంటే ఎన్నో రెట్లు బలమైనది.

అందువల్ల బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటరు తెచ్చుకొని, వాడే ముందు టీడీఎస్ మీటరుతో చూడండి. అంకె సున్నాకు దగ్గరగా ఉండాలి. అది దొరకని పక్షంలో ఇంటికి వచ్చే 20 లీటర్ల క్యాను నీరు కూడా పనికివస్తుంది, నిష్పత్తి సూత్రం ఇక్కడ మీకు మేలు చేస్తుంది. క్యాను నీటి టీడీఎస్ 50 అయితే అందులోని లవణం సుమారు 0.85 మిల్లీమోలార్లు. దానికి 10 కలిపితే నిష్పత్తి 13కు కాస్త తక్కువ, లాగరిథమ్ 2.5 పైచిలుకు. అంటే డిస్టిల్డ్ వాటరుతో వచ్చే ప్రభావంలో సగానికి పైగా మిగిలే ఉంటుంది. బోరు నీటిని మరిగించి వాడితే సరిపోతుందని మాత్రం అనుకోవద్దు. మరిగిస్తే కొంత సున్నం అడుగున పేరుకుంటుంది కాని, మిగిలిన ఉప్పు ఎక్కడికీ పోదు.

మట్టి నీటిని తయారుచేయడం

నల్లరేగడి ఎందుకంటే అందులో బంక పాలు ఎక్కువ, ఆ బంక రేణువులు చాలా సన్ననివి, వాటి మీద రుణావేశమూ బాగా ఉంటుంది. ఎర్ర చెల్క మట్టిలో ఇసుక పాలు ఎక్కువ కాబట్టి అదే పరిమాణపు మట్టి నుంచి పనికివచ్చే రేణువులు తక్కువగా వస్తాయి. రేగడిలో తెల్లని సున్నపు గడ్డలు కనిపిస్తే ఏరి పారేయండి.

గుప్పెడు మట్టిని ఒక లీటరు డిస్టిల్డ్ వాటరులో బాగా కలిపి కదపకుండా ఉంచండి. మొదటిసారి కలిపినప్పుడు మట్టిలోని లవణాలు కరగడం వల్ల రేణువులు గుంపులు కట్టి త్వరగా పేరుకోవచ్చు, పైన నీరు తేటగా కనిపించవచ్చు. ఆ తేట నీటిని వంపేసి, మళ్లీ కొత్త డిస్టిల్డ్ వాటరు పోసి కలపండి. ఇలా రెండు మూడు సార్లు చేసేసరికి ఒక మార్పు కనిపిస్తుంది. ఈసారి నీరు తేటపడదు, రాత్రంతా ఉంచినా పలుచని పాలలా, బూడిద రంగు మసకతో నిలిచి ఉంటుంది. లవణాలు కడుక్కుపోయాయనడానికి అదే గుర్తు. నాలుగో కడుగుకు కూడా మట్టి గంటలోపే పేరుకుంటుంటే లీటరుకు చిటికెడు బట్టల సోడా వేసి కలిపి, తెల్లవారాక ఆ నీటిని వంపేసి మరొకసారి డిస్టిల్డ్ వాటరుతో కడగండి. వంట సోడా ఈ పనికి సరిపోదు.

తరువాత పాత్రను ఎనిమిది గంటలు కదపకుండా ఉంచి, పై నుంచి 10 సెంటీమీటర్ల లోతు వరకు ఉన్న నీటిని మాత్రమే సూది లేని సిరంజితో తీసుకోండి. 2 మైక్రాన్ల మట్టి రేణువు 20 డిగ్రీల వద్ద 10 సెంటీమీటర్లు దిగడానికి సుమారు 8 గంటలు పడుతుంది. మన దగ్గర నీరు అంతకంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి ఇంకాస్త త్వరగానే దిగుతుంది. అంటే మీరు తీసుకున్న నీటిలో 2 మైక్రాన్ల కంటే సన్నని రేణువులే మిగిలి ఉంటాయి. గాజు గ్లాసులో పోసి వెనక వార్తాపత్రిక పెడితే పెద్ద అక్షరాలు మసకగా చదవగలిగేంత పలుచగా దానిని చేసుకోండి. మరీ చిక్కగా ఉంటే ఒక్కొక్క రేణువు కనిపించదు, మరీ పలుచగా ఉంటే ముందుకు సాగే అంచు తెలియదు.

ఉప్పు ద్రావణానికి ప్రయోగశాలలోని సోడియం క్లోరైడ్ వాడటం మంచిది. ఇంట్లోని దొడ్డు ఉప్పులో మెగ్నీషియం, కాల్షియం లవణాలు కలిసి ఉంటాయి కాబట్టి అది వద్దు. 5.84 గ్రాములు తూచి లీటరు డిస్టిల్డ్ వాటరులో కరిగిస్తే 100 మిల్లీమోలార్ల ద్రావణం వస్తుంది. అందులో 100 మిల్లీలీటర్లు తీసి మొత్తం లీటరు అయ్యేలా నీరు కలిపితే 10 మిల్లీమోలార్లు. ఇంతకంటే గాఢంగా చేస్తే ప్రభావం ఇంకా బాగా కనిపిస్తుందన్న ఆశతో చాలామంది చెంచాలకు చెంచాలు ఉప్పు వేస్తారు. అలా చేస్తే మట్టి గడ్డకడుతుందే తప్ప వేగం పెరగదు.

గాజు పలక మీద కాలువ కట్టడం

పలకను సబ్బుతో, ఆ తరువాత డిస్టిల్డ్ వాటరుతో కడిగి ఆరనివ్వండి. రెండు సెల్లోటేపు పట్టీలను పలక మీద 4 మిల్లీమీటర్ల ఎడంతో సమాంతరంగా అంటించి, వాటి మీద కవర్‌స్లిప్‌ను ఉంచి అంచులను మెల్లగా నొక్కండి. మామూలు సెల్లోటేపు మందం సుమారు 50 మైక్రాన్లు కాబట్టి పలకకూ కవర్‌స్లిప్‌కూ నడుమ అంత ఎత్తున్న సన్నని కాలువ ఏర్పడుతుంది.

ఈ ఎత్తు విషయంలో రాజీ పడవద్దు. ఉప్పు నీరు మంచి నీటి కంటే కొద్దిగా బరువు. రెండూ ఎదురైన చోట బరువు నీరు కిందికి, తేలిక నీరు పైకి జరుగుతూ ఒక ప్రవాహం పుడుతుంది. ఆ ప్రవాహ వేగం కాలువ ఎత్తు ఘనానికి అనులోమంగా ఉంటుంది. 50 మైక్రాన్ల కాలువలో అది లెక్కలోకి రానంత తక్కువ. దాని బదులు 1 మిల్లీమీటరు రంధ్రం ఉన్న గాజు కేశనాళిక వాడితే ఎత్తు 20 రెట్లు, ప్రవాహం సుమారు 8,000 రెట్లు అవుతుంది. అప్పుడు మీరు చూసేది రేణువు నడకను కాదు, నీటి ప్రవాహాన్ని. గ్లాసులో బురద నీరు పోసి పై నుంచి ఉప్పు చల్లి, దిగే చారలను చూసి ఇదే డిఫ్యూజియోఫోరెసిస్ అని చెప్పేవారిని చూశాను. ఆ చారలు బరువైన ఉప్పు నీరు కిందికి జారడం వల్ల వచ్చినవే.

ఇప్పుడు కాలువ ఒక కొస దగ్గర ఉప్పు ద్రావణం బొట్టు పెట్టండి. అది తనంతట తానే లోపలికి పీల్చుకొని రెండో కొస దాకా పోతుంది. గాలి బుడగ చిక్కుకుంటే ఆ పలకను పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టడమే మేలు, బుడగను బయటికి తోసే ప్రయత్నంలో కవర్‌స్లిప్ పక్కకు జరుగుతుంది. కాలువ నిండిన తరువాత రెండో కొసను వాసెలిన్‌తో గట్టిగా మూసేయండి. టేపు కింద, కవర్‌స్లిప్ మూలల్లో కూడా వాసెలిన్ దట్టించాలి. తెరిచిన కొస దగ్గర మిగిలిన ద్రావణాన్ని వడపోత కాగితం మొనతో అద్ది తీసి, పలకను సూక్ష్మదర్శిని మీద పెట్టి, 10 రెట్ల కటకంతో కాలువ నోటిని ఫోకస్ చేసి సిద్ధంగా ఉండండి. ఆ తరువాతే, అంతకు ముందు కాదు, ఆ నోటి దగ్గర మట్టి నీటి పెద్ద బొట్టును పెట్టి గడియారం చూసుకోండి.

చూడవలసినది, కొలవవలసినది

మొదటి కొన్ని సెకన్లు బొట్టు పెట్టిన కుదుపుకు అంతా కలగాపులగంగా ఉంటుంది. అది సద్దుమణిగాక రేణువులు రెండు రకాల కదలికలు చూపుతాయి. ఒక్కొక్క చుక్కనే గమనిస్తే అది ఎడాపెడా వణుకుతుంటుంది, అది బ్రౌనియన్ చలనం. చూపును కాస్త సడలించి గుంపును గమనిస్తే, ఆ వణుకుతున్న చుక్కలన్నీ కలిసి కాలువ లోపలికి, ఉప్పు ఉన్న వైపు, జరుగుతూ కనిపిస్తాయి. లోపలి ఉప్పు బయటికి వస్తుంటే మట్టి దానికి ఎదురు నడుస్తుంది.

ఫోకస్‌ను కాలువ ఎత్తు నడుమ ఉంచండి. గాజు గోడకు కూడా రుణావేశం ఉంటుంది కాబట్టి గోడను ఆనుకొని ఉన్న నీరు ఇదే ప్రవణత వల్ల బయటి వైపు జారుతుంది, దానికి బదులుగా నడుమ నీరు లోపలికి వస్తుంది. గోడ దగ్గరి రేణువులు వెనకబడినట్లు, నడిమివి చురుకుగా ఉన్నట్లు కనిపించడానికి కారణం అదే.

దూరం కొలవడానికి ఐపీస్ మీద రాసిన ఫీల్డ్ నంబరును ('10X/18' అని ఉంటే అందులోని రెండో అంకెను) వాడుకోవచ్చు. అది 18 అయితే 4 రెట్ల కటకంతో కనిపించే వృత్తం వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, 10 రెట్ల కటకంతో 1.8 మిల్లీమీటర్లు. సెల్‌ఫోన్ కెమెరాను ఐపీస్‌కు ఆనించి 1, 4, 9, 16 నిమిషాలకు ఒక్కొక్క ఫోటో తీసి, మట్టి మసక అంచు నోటి నుంచి ఎంత లోపలికి వచ్చిందో కొలవండి. రేణువు ఉపరితల పొటెన్షియల్ (దాని మీది ఆవేశం వల్ల ఏర్పడే వోల్టేజి) మైనస్ 50 మిల్లీవోల్టులని, నిష్పత్తి 100 అని అనుకొని లెక్కిస్తే ఆ అంచు మొదటి నిమిషానికి సుమారు 0.2 మిల్లీమీటర్లు, నాలుగో నిమిషానికి 0.4, పదహారో నిమిషానికి దాదాపు 0.9 చేరాలి. మీ అంకెలు వీటికి సగం వచ్చినా కంగారు పడవద్దు, మట్టిని బట్టి, నీటిని బట్టి అవి మారతాయి. కాని వాటి నడుమ పొందిక మాత్రం మారకూడదు. 1, 4, 9, 16 నిమిషాలకు దూరాలు 1, 2, 3, 4 పాళ్లలో పెరగాలి. ప్రవణత కాలం గడిచేకొద్దీ పలుచబడుతుంది కాబట్టి దూరం కాలపు వర్గమూలంతో పాటు పెరుగుతుంది.

ఈ పొందికే మీ పరీక్షకు కాపలాదారు. దీని విలువ నాకు తెలిసింది ఒక తప్పు వల్లనే. ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చొని చేసినప్పుడు మట్టి అద్భుతమైన వేగంతో కాలువలోకి దూసుకుపోయింది, సంతోషంతో పొంగిపోయాను. తీరా దూరాలు రాసుకుంటే అవి 1, 4, 9 పాళ్లలో, కాలంతో పాటు తిన్నగా పెరిగాయి. వెనక కొసన వాసెలిన్ ఒక మూల వదులుగా ఉంది, అక్కడ నీరు ఆవిరవుతుంటే ముందు నుంచి బురద నీరు లోపలికి పీల్చుకుపోతున్నది. ఉప్పుకూ దానికీ సంబంధమే లేదు. అప్పటి నుంచి ఫ్యాను ఆపి, ఉదయం ఎండ ముదరకముందే చేస్తున్నాను. ఫోటోకూ ఫోటోకూ నడుమ తడి దూది పెట్టిన చిన్న గిన్నెను పలక మీద బోర్లిస్తున్నాను. ఎండాకాలంలో ఇది తప్పనిసరి, చలికాలంలో చేయకపోయినా నడుస్తుంది.

అనుమానం తీరాలంటే పోలిక పరీక్ష ఒకటి కావాలి. కాలువలో ఉప్పు ద్రావణానికి బదులు వట్టి డిస్టిల్డ్ వాటరు నింపి, మిగిలినదంతా అలాగే చేయండి. ఈసారి మట్టి నోటి దగ్గరే ఆగిపోవాలి, పావుగంటలో ముప్పై మైక్రాన్లకు మించి లోపలికి రాకూడదు. ఇక్కడ కూడా దూసుకుపోతుంటే కారుడు ఉందని అర్థం, మొదటి పలక ఫలితాన్ని నమ్మనక్కరలేదు.

దిక్కు మార్చి చూడటం

మట్టి నీటిని కాలువలో నింపి, బయట ఉప్పు ద్రావణం బొట్టు పెడితే రేణువులు నోటి వైపు, బయటికి నడుస్తాయి. ఇది మొదటి పరీక్షకు అద్దం పట్టినట్లు ఉంటుంది, ఎక్కువ చెప్పవలసిన పని లేదు.

ఉప్పును మార్చి చూడటం మాత్రం తప్పక చేయవలసినది. పొటాషియం క్లోరైడులో పొటాషియం, క్లోరైడ్ అయాన్ల వేగాలు దాదాపు సమానం. జోడెడ్లు రెండూ ఒకే నడక నడిస్తే కాడి మీద గుంజులాట ఉండదు కదా. కాబట్టి మొదటి కారణం దాదాపు మాయమై, రెండోది ఒక్కటే మిగులుతుంది. అదే 50 మిల్లీవోల్టుల లెక్కన ఈ ద్రావణంలో మట్టిని నడిపే బలం మామూలు ఉప్పులో ఉన్నదానిలో సగానికి కాస్త ఎక్కువగా ఉంటుంది. ఎరువుల దుకాణంలోని పొటాష్ కూడా ఇదే లవణమే అయినా, అందులో ఉప్పు, ఇతర మలినాలు ఉంటాయి కాబట్టి ప్రయోగశాలలోని తెల్లని పొటాషియం క్లోరైడునే తీసుకోండి. లీటరుకు 0.75 గ్రాములు వేస్తే 10 మిల్లీమోలార్లు అవుతుంది.

గోలీ సోడాలో కరిగి ఉండే కార్బన్ డయాక్సైడ్ కథ దీనికి పూర్తిగా తలకిందులు. అది నీటిలో హైడ్రోజన్ అయాన్‌ను, బైకార్బొనేట్‌ను ఇస్తుంది. హైడ్రోజన్ అయాన్ బైకార్బొనేట్ కంటే ఏడెనిమిది రెట్లు వేగంగా విసరణ చెందుతుంది. ఇక్కడ ముందు ఉరికేది ధనావేశం కాబట్టి క్షేత్రం దిక్కు మారి, రుణావేశపు రేణువులు గ్యాసు కరిగే చోటి నుంచి దూరంగా పోతాయి. ఈ ఆధారంతోనే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో, వడపోత పొర లేకుండానే కార్బన్ డయాక్సైడ్ సాయంతో నీటిలోని రేణువులను ఒక పక్కకు చేర్చి, మరో పక్క తేట నీటిని వేరుచేసి చూపారు. దుకాణం సోడాతో దీనిని చేయబోతే బుడగలు, అందులోని లవణాలు ఇబ్బంది పెడతాయి, మొదటి పరీక్షలు చేయి తిరిగాక ప్రయత్నించండి.

పటికతో తేర్చడం ఇది కాదు

నల్లగొండ పేరు చెప్పగానే ఫ్లోరైడు గుర్తుకు వస్తుంది. ఆ ఫ్లోరైడును తీయడానికి 1970వ దశకంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతిలో నీటికి సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి తిప్పి, పేరుకున్న మడ్డిని వేరుచేస్తారు. విద్యార్థులు మన పరీక్షను దానితో కలిపి రాయడం చూశాను. పటిక చేసేది స్కందనం. అది రేణువుల ఆవేశాన్ని తగ్గించి, అల్యూమినియం హైడ్రాక్సైడు జిగురు మడ్డిలో వాటిని చిక్కించి అడుగుకు తెస్తుంది. ఊళ్లలో చిల్లగింజను కుండ లోపల అరగదీసి బురద నీటిని తేర్చడమూ ఆ కోవలోనిదే. అక్కడ రేణువులు ఒకదానికొకటి అంటుకోవాలి. ఇక్కడ అంటుకోకుండా ఉంటేనే నడక కనిపిస్తుంది. మన పలక మీద రేణువులు గుంపులు కట్టినట్లు కనిపిస్తే పరీక్ష చెడిందని రాసుకోవాలే తప్ప, ఫలితం వచ్చిందని కాదు.

దీనికి దగ్గరి బంధువు మాత్రం బట్టలు ఉతకడంలో ఉంది. నూలు దారం పోగుల సందుల్లో ఇరుక్కున్న మురికి, సబ్బు పొడి నీటిలో నానినంత మాత్రాన బయటికి రాదు. ఆ సందులు మన కాలువ లాగే ఒక వైపు మూసుకున్నవి, నీటిని ఎంత పారించినా లోతుకు చేరదు. 2018లో వెలువడిన ఒక అధ్యయనం, సబ్బు పొడి నీరు నిండిన ఆ సందులకు బయట మంచి నీరు తగిలినప్పుడు ఏర్పడే ప్రవణతే మురికి రేణువులను బయటికి లాగుతుందని చూపింది. డిటర్జెంటులోని చిన్న సోడియం అయాన్ వేగంగా, తోక ఉన్న పెద్ద అయాన్ మెల్లగా కదులుతాయి కాబట్టి ఇక్కడ రేణువు తక్కువ గాఢత వైపు, అంటే జాడించే నీటి వైపు నడుస్తుంది.

దీనిని పరీక్షించాలంటే రేగడి బురద అంటిన తెల్లని నూలు గుడ్డ నుంచి రెండు సమాన ముక్కలు కత్తిరించి, రెండింటినీ ఒకే సబ్బు పొడి నీటిలో పావుగంట నానబెట్టండి. ఒకదానిని అదే సబ్బు నీరు పోసిన కొత్త గిన్నెలో, మరొకదానిని మంచి నీరు పోసిన గిన్నెలో, పిండకుండా, రుద్దకుండా పది నిమిషాలు కదలకుండా ఉంచండి. తరువాత గుడ్డలను మెల్లగా ఎత్తి తీసి, రెండు గిన్నెల నీటినీ దేనికదే కలియబెట్టి వేర్వేరు గాజు గ్లాసుల్లో పోసి, వెనక వార్తాపత్రిక పెట్టి ఏది ఎక్కువ మసకగా ఉందో చూడండి. మంచి నీరు అన్న చోట ఇక్కడ కూడా బోరు నీరు పోయవద్దు.